పేరు కుదరని బోర్డు

జూన్ 2, సోమవారం

ఈ రోజూ పేరు కుదరలేదు.

మామయ్య పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగతోనే, "శునక విహార్ ఎలా ఉంది?" అన్నారు. నాకది "శనగ విహార్" అని వినబడింది.

"నేను తిప్పేది కుక్కల్ని మామయ్యా, శనగల బండిని కాదు" అన్నాను.

నురగ ఊసి వచ్చి మళ్ళీ స్పష్టంగా చెప్పారు. స్పష్టంగా చెప్పినా బాగా లేదు. ఎవరో పెద్దమనిషి విగ్రహం పెట్టిన పార్కు పేరులా ఉంది.

టికెట్లు బుక్ చేసే మా ఆఫీసు మూతపడిన కొత్తలో, పై అంతస్తు పళ్ళ డాక్టరమ్మ తన కుక్క బఠాణీని పొద్దుటిపూట కాస్త తిప్పి తీసుకొస్తారా అని అడిగింది. అప్పుడది సాయం. తరవాత లాయరుగారి కుక్క జమీందారు వచ్చాడు. వాడికి నడక అంటే ఒళ్ళు మంట, నాలుగడుగులు వేసి కూలబడతాడు. తరవాత కింద టైలరు దుకాణంలోని సివంగి. అది గొడుగు కనిపిస్తే చాలు, ఊరంతా లేచేలా మొరుగుతుంది. సివంగి కూడా చేరాక మామయ్య తేల్చేశారు. "ఇది సాయం కాదమ్మాయ్, వ్యాపారం. వ్యాపారమన్నాక బోర్డుండాలి."

అటక మీంచి రేకు దింపించారు. తెల్లరంగు పూతలు వేశారు. ఇప్పుడది బాల్కనీలో గోడకి ఆనుకుని ఉంది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడల్లా తెల్లమొహం వేసుకుని నావైపే చూస్తుంది.

ఆయన బతుకంతా బోర్డులే రాశారు. ఈ వీధిలో పాత దుకాణాల మీద ఇప్పటికీ కనిపించే అక్షరాలన్నీ ఆయన చేతివే. ఇప్పుడు బోర్డులు మెషీన్లో దిగుతున్నాయి. వణికే ఆ చెయ్యి సంగతి మేమిద్దరం మాట్లాడుకోం. టీ సగం కప్పే పోస్తాను. నిండా పొయ్యమని ఆయన అడగరు.

జూన్ 4

మామయ్య కొడుకు ఫోను చేశాడు.

"మా ఆయన" అని రాయబోయి ఆగాను. చలికాలంలో ఇల్లు వదిలి వెళ్ళి ఊరికి ఆ చివర ఇంకొకామెతో కాపురం పెట్టిన మనిషిని ఏమని రాయాలి? మామయ్య కొడుకు. ఇదైతే అబద్ధం కాదు.

"నాన్నకివ్వు" అన్నాడు. మామయ్య తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగారు.

"తీసుకోరట."

"అయితే నువ్వే చెప్పు. ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. మెట్లెక్కే పని లేదు. ఎన్నాళ్ళని నీ మీద పడి ఉంటాడు? నలుగురూ నన్నే అంటున్నారు."

ఉన్నదున్నట్టు చెప్పాను. మామయ్య జవాబు గోడకే చెప్పారు. "అమ్మాయికి బోర్డు రాసిస్తానని మాటిచ్చాను. అది రాసిచ్చి వస్తానని చెప్పు."

"బోర్డుకెంత సేపు? రెండ్రోజులా?" అన్నాడు అటునుంచి.

"ముందు పేరు కుదరాలిగా" అన్నాను.

మంచిదే. ఆయన వెళ్తే నాకూ తేలికే. వంట ఒక్కదానికే చేసుకోవచ్చు, లేదా మానెయ్యొచ్చు. పొద్దున్నే రేడియో గోల ఉండదు. బాత్రూంలో లైటు ఆర్పలేదని ఎవరూ సణగరు. నిజంగా తేలికే.

జూన్ 5

వాన. జమీందారు గుమ్మం దాటనన్నాడు. పేరు లేదు.

జూన్ 8, ఆదివారం

మామయ్య కొడుకు రమ్మంటే బస్టాండు పక్క కాఫీ హోటలుకి వెళ్ళాను. ఇంటికి రావడానికి మొహం చెల్లడం లేదు కాబోలు. చొక్కా కొత్తది. ఇస్త్రీ మడత నేను పెట్టే చోట లేదు. ఇలాంటివి చూడకూడదు, కళ్ళు మన మాట వింటే కదా.

విడాకుల కాగితాలు లాయరుగారి దగ్గరికి వచ్చాయట, చూసి సంతకం పెట్టమన్నాడు. అది తెలిసిన సంగతే. చక్కెర వేసుకోకుండానే కాఫీ చాలాసేపు కలిపాడు. అప్పుడే అర్థమైంది, ఇంకేదో ఉందని.

"ఆమెకి ఆరో నెల" అన్నాడు.

నేను "ఓహో" అన్నాను. ఓహో అనే మాట ఎందుకొచ్చిందో తెలీదు. టికెట్ల ఆఫీసులో రైలు ఆలస్యమని తెలిసినప్పుడు అలాగే అనేదాన్ని.

"నాన్నకి చెప్పలేకపోతున్నా. ఫోను తియ్యడు. నువ్వు చెప్తే వింటాడు. మనవడో మనవరాలో పుట్టబోతుందంటే ఆయనే వస్తాడు, బోర్డూ గీర్డూ అనడు."

"నన్ను చెప్పమంటావా?"

"ఇంకెవరున్నారు?"

అది నిజమే. పదమూడేళ్ళ కాపురంలో ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ప్రతిసారీ, లేదట మామయ్యా, ఈసారీ లేదట అని ఆయనకి చెప్పింది నేనే. ఆయన ప్రతిసారీ "పోనీలే అమ్మా, కాళ్ళు కడుక్కుని అన్నం తిను" అనేవారు. ఆ మాట తప్ప ఇంకో మాట అనలేదు. ఇప్పుడు ఉందట అని చెప్పడానికీ నేనే కావలసి వచ్చాను.

చెప్తానన్నాను. రేపు చెప్తాను.

జూన్ 9

చెప్పలేదు. మామయ్యకి కాస్త జలుబుగా ఉంది.

జూన్ 10

జలుబు తగ్గింది. కానీ పొద్దున కరెంటు పోయింది, ఆయనకి చిరాకుగా ఉంది. చిరాకులో చెప్పే సంగతి కాదు.

జూన్ 12, గురువారం

ఈ రోజు పేర్లు: పెంపుడు అడుగులు. తోకచుక్క. శ్రీ భైరవ వాకింగ్ సర్వీస్.

"తోకచుక్క ఏంటి మామయ్యా! తోకచుక్క కనిపిస్తే అరిష్టమంటారు."

"తోకుంది కదా అని."

"సివంగికి తోక లేదు. టైలరు మిషనులో పడి తెగిందట."

"అయితే సగం చుక్క అని పెట్టు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, నావైపు చూడకుండా, "విశ్వాసం అని పెడితే?" అన్నారు. "ఒక్క మాట. కుక్కకి అదేగా పేరు."

మంచి పేరే. కానీ ఈ ఇంటి గుమ్మం మీద ఆ మాట రాసి పెట్టుకుంటే వీధిలో వాళ్ళు పైకి నవ్వరు, అంతే. కూర తరుగుతూ కూర్చున్నాను. ఆయనకీ తట్టినట్టుంది. "ఎందుకులే, అక్షరాలు మరీ బరువు. శ కింద వ, స పక్కన సున్నా... రేకు మోయలేదు" అన్నారు.

సాయంత్రం టైలరు కూడా ఒక పేరు చెప్పాడు. "మీ పేరే పెట్టెయ్యండి మేడం, ఫలానా అండ్ కో అని." ఆ అండ్ కో ఎవరయ్యా అంటే నాలిక కరుచుకున్నాడు.

నాకు పేర్లు నచ్చకపోవడానికి కారణం ఉంది. పేరు ఊరికే పెట్టుకునేది కాదు. రేపు పదిమంది నోళ్ళలో నలగాలి. తొందరపడి పెడితే తరవాత మార్చుకోలేం. అంతకన్నా ఇంకేం లేదు.

కాళ్ళు పీకుతున్నాయి. కాఫీ హోటలు సంగతి మామయ్యకి ఇంకా చెప్పలేదు.

జూన్ 15

ఎదురుగా పెద్ద గేటు అపార్టుమెంట్ల సెక్రటరీ కబురు పెట్టి పిలిపించాడు. అక్కడ కుక్కలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో అలవాటు. వాటి వాళ్ళంతా ఒకే మనిషికి అప్పజెప్పాలనుకుంటున్నారట. ఆ పని దొరికితే నేనింక ఉద్యోగం కోసం ఎవరి గడపా తొక్కక్కర్లేదు.

"మీ గురించి డాక్టరమ్మ మంచిగా చెప్పింది. కానీ గేటు పాసు మనిషి పేరు మీద ఇవ్వం, సంస్థ పేరు మీదే ఇస్తాం. మీ సంస్థ పేరేంటి?"

"ఇంకా అనుకుంటున్నాం అండీ."

"ఎన్నాళ్ళమ్మా అనుకోవడం? బారసాలకి కూడా ఇంత ఆలోచించరు. ఇంకో కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళారు. వాళ్ళకి యూనిఫాం ఉంది, టోపీ ఉంది, టోపీ మీద పేరు కూడా ఉంది. శుక్రవారం మీటింగులోపు చెప్పండి, లేకపోతే వాళ్ళకిచ్చేస్తాం."

ఇంటికి వచ్చి మామయ్యకి ఏం చెప్పానో రాయడానికి సిగ్గుగా ఉంది. "తొందరేం లేదన్నారు" అని చెప్పాను.

జూన్ 17

సంతకాలు పెట్టాను. నా పెన్ను రాయలేదు. లాయరుగారు తనది ఇచ్చారు. ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపించారు. మిగతాదంతా లాంఛనమేనట. జమీందారు ఆయన కుర్చీ కింద పడుకుని గురక పెడుతూనే ఉన్నాడు.

అయిపోయాక లాయరుగారు ఏదో ఒకటి అనాలి కదా అని, "రేపు వీడికి స్నానం. నడక వద్దులెండి, మీరూ కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మామయ్య కుక్కరు ఎక్కించి ఉంచారు. విజిల్ లెక్క మరిచిపోయి మాడ్చారు. ఎక్కడికెళ్ళావని అడగలేదు. "కాళ్ళు కడుక్కో" అన్నారు.

జూన్ 19, గురువారం

పేరు పెట్టేశాను. పెట్టలేదు, పడిపోయింది.

పొద్దున బఠాణీ కోసం పళ్ళ డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ క్లినిక్కుకి వెళ్ళిపోతుంది, ఇంట్లో వాళ్ళమ్మగారు ఉంటారు. ఆ పెద్దావిడకి ఎవరు గడప దాటినా గుండె దడ. వాళ్ళాయన పాలకని వెళ్ళి దారిలోనే కుప్పకూలారట. అందుకే రోజూ గుమ్మంలో నిలబడి, తాడు నా చేతికిస్తూ, "వెళ్ళొస్తారా?" అని కుక్కనీ నన్నూ కలిపి అడుగుతుంది. "వెళ్ళొస్తాం" అని నేను గట్టిగా చెప్పాలి. చెవుడు కూడా ఉంది మరి. చెప్పేదాకా తాడు వదలదు.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ ఫోను. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో ఫోను.

"ఏమ్మా, ఫారం నింపుతున్నాను. పేరు చెప్పండి."

పెద్దావిడ ఇటు నుంచి, "వెళ్ళొస్తారా?"

"వెళ్ళొస్తాం!" అని అరిచాను.

"ఏంటీ?"

"వెళ్ళొస్తాం అండీ, వెళ్ళొస్తాం!" ఆవిడకే చెప్పాను. తాడు ఇంకా వదల్లేదు.

 తరవాత సెక్రటరీ నెమ్మదిగా, "వెళ్ళొస్తాం... భలే ఉందే! కుక్కని తీసుకెళ్తాం, భద్రంగా తీసుకొస్తాం అని. టోపీ వాళ్ళకి ఇంత బుర్ర లేదు. రాసేశాను" అని పెట్టేశాడు.

బఠాణీ నన్ను మెట్ల మీంచి ఈడ్చుకుపోయింది. వీధి చివరిదాకా నవ్వుతూనే వెళ్ళాను. మలుపు తిరిగాక నవ్వు ఎటు పోయిందో పోయింది. ట్రాన్స్‌ఫార్మరు పక్క సిమెంటు దిమ్మ మీద కూలబడ్డాను. జమీందారు దగ్గర నేర్చుకున్నట్టు బఠాణీ కూడా కూలబడింది.

అతను వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్తున్నా" అన్నాడు. మామయ్య లోపల పేపరు చదువుకుంటున్నారు, ఏం జరుగుతోందో ఆయనకి తెలీదు. పేపరు దించకుండానే, చిన్నప్పటి నుంచీ దిద్దినట్టే, "వెళ్ళొస్తా అనాలిరా" అన్నారు. అతను ఆ మాట అనలేదు. చెప్పులు వేసుకున్నాడు.

పేరు కుదిరింది. బోర్డు రాయొచ్చు. రెండ్రోజుల పని.

జూన్ 20

మామయ్య ఈ రోజు చెప్పిన పేర్లు: జోడు గుర్రాలు. ("గుర్రాలెక్కడివి మామయ్యా?" "కుక్కలని రాస్తే ఎవరు చూస్తారమ్మా?") మున్నీరు. ("అంటే?" "సముద్రం." "కుక్కలకీ సముద్రానికీ ఏం సంబంధం?" "అక్షరాలు బాగుంటాయి.")

అన్నీ బాగాలేవన్నాను. ఇంకా ఆలోచించమన్నాను. ఆయన సరేనన్నారు. నిన్నటి సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మీటింగులో పేరు ఒప్పుకున్నారట. సోమవారం నుంచి పని.

జూన్ 21, శనివారం

మధ్యాహ్నం బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్తే మామయ్య నేల మీద కూర్చుని ఉన్నారు. రేకు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. నీలం సుద్ద పూసిన దారం అటూ ఇటూ లాగి పట్టుకుని, "ఆ కొస పట్టుకో అమ్మాయ్" అన్నారు. పట్టుకున్నాను. దారం మధ్యలో వేలితో లాగి వదిలారు. తెల్లరంగు మీద నీలం గీత పడింది.

"ఏం రాస్తున్నారు?"

"వెళ్ళొస్తాం."

దారం కొస నా చేతిలోంచి జారింది.

"టైలరు చెప్పాడు. సెక్రటరీ గేటు పాసు ఫారంలో రాశాడట, వాచ్‌మన్ చూపించాడట. వీధంతా తెలిసిన పేరు బోర్డు రాసేవాడికే తెలియకపోతే ఎలా?" కోపం లేదు గొంతులో. అలసట ఉంది. "నిన్న జోడు గుర్రాలన్నప్పటికే నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు చెప్పారు మరి?"

"నువ్వు తెలిసీ ఎందుకు విన్నావు?"

 కింద వీధిలో సివంగి ఎవరి గొడుగునో చూసి మొరుగుతోంది. అది ఆగేదాకా ఆగి, "మామయ్యా, మీకొక సంగతి చెప్పాలి. మీ అబ్బాయికి..." అని మొదలుపెట్టాను.

"తెలుసు" అన్నారు. "నువ్వు కుక్కల్ని తిప్పడానికి వెళ్ళినప్పుడు నా ఫోనుకి చేస్తాడు. మొదట్లో తియ్యలేదు, పది రోజులుగా తీస్తున్నాను. కన్నాను కదమ్మా, ఎన్నాళ్ళని గోడవైపు తిరుగుతాను? నీ ఎదురుగా తీస్తే నీకెలా ఉంటుందోనని."

నాకెలా ఉంటుందోనని ఆయన, ఆయనకెలా ఉంటుందోనని నేను. ఈ రెండు గదుల ఇంట్లో ఇన్నాళ్ళు ఒకళ్ళకొకళ్ళం తప్పుకు తిరిగాం.

"సంతోషంగా ఉందా?" అని అడిగాను.

నీలం గీత మీది పొడి ఊదారు. "ఉంది. నీ ముందు ఉందనడానికి నోరు రావట్లేదు గానీ, ఉంది."

ఇంకో గీత కోసం కొస పట్టుకున్నాను. ఉండమని అడగలేదు. మనవలొచ్చే వేళ ఏ మొహం పెట్టుకుని అడగను? ఏ వరసలో?

జూన్ 24

పొద్దున లేవగానే ఆయన చెయ్యి కాస్త మాట వింటుంది. అప్పుడే రాస్తున్నారు. చెయ్యి ఆనించుకునే కర్ర నేను పట్టుకుంటాను. వె ఒక రోజు. ళ్ళొ ఒక రోజు. ళ కింద ఇంకో ళ చుట్టేసరికి నుదుటి మీద చెమట పట్టింది. గీత వణికిన చోట గుడ్డకి టర్పెంటైన్ తడిపి తుడిచి మళ్ళీ రాస్తారు. మళ్ళీ తుడుస్తారు.

"పూర్వం ఈపాటి బోర్డు టీ చల్లారేలోపు రాసేవాణ్ణి."

"మీ టీ ఎప్పుడూ చల్లారాకేగా తాగేది" అన్నాను.

పెద్ద గేటు కుక్కలతో నడుం విరుగుతోంది. ఒకటి మగవాళ్ళని చూస్తే మొరుగుతుంది, ఒకటి ఆడవాళ్ళని. రెంటినీ కలిపి తీసుకెళ్తే వీధిలో అందరికీ సమానమే.

జూన్ 27

చివర సున్నా మిగిలింది. మామయ్య రెండు పొద్దుల నుంచి దాని జోలికి పోవడం లేదు. సున్నా చుట్టాలంటే చెయ్యి ఎక్కడా ఆగకూడదట. ఆగితే గుండ్రం పోతుందట.

ఈ రోజు చుట్టారు. కోడిగుడ్డులా వచ్చింది, ఒక పక్క కాస్త నొక్కుకుపోయి. తుడవడానికి గుడ్డ అందుకున్నారు. నేను గుడ్డ లాక్కున్నాను.

"ఉండనివ్వండి."

"బాలేదమ్మా."

"నాకు కావాల్సింది అదే."

మొహం అటు తిప్పుకుని బ్రష్షులు కడిగారు. కడిగి, గుడ్డలో చుట్టి, తన సంచిలో పెట్టుకున్నారు. డబ్బాలో పెట్టాల్సినవి సంచిలో పెట్టుకున్నారు. చూశాను. 

జూన్ 29, ఆదివారం

పెన్ను మూడుసార్లు తెరిచి మూశాను.  అయినా రాయాలి.

మామయ్య కొడుకు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఇల్లు వదిలాక గుమ్మం లోపల అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాడు. గుమ్మం పక్క తగిలించిన బోర్డు చూసి, "బాగా వచ్చింది నాన్నా" అన్నాడు. నిజంగానే అన్నాడు. "అయిపోయిందిగా మరి. సర్దుకున్నావా?"

"సర్దుకున్నాను" అన్నారు మామయ్య.

సంచీ, చిన్న పెట్టె, రేడియో, అన్నీ తలుపు దగ్గరే ఉన్నాయి. రేడియో వైరు చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది.  మామయ్య చెప్పులు వేసుకున్నారు. నావైపు తిరిగి, "నువ్వు మందులు రాసిచ్చిన కాగితం జేబులోనే ఉందమ్మా" అన్నారు. అతను పెట్టె ఎత్తాడు.

"మామయ్యా, ఉండిపోండి" అన్నాను.

ఎంత నెమ్మదిగా అన్నానంటే, నాకే వినబడిందో లేదో. అతనికి మాత్రం వినబడింది.

"అదేంటి, ఇప్పుడు? నాన్న తనంతట తనే వస్తానన్నాడు."

"నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

"అడగడానికి నువ్వు..." ఆగాడు. ఆగాల్సింది, కానీ పూర్తి చేశాడు. "అడగడానికి నువ్వెవరు? సంతకాలు పెట్టావు కదా. ఆయన నీకేమవుతాడిప్పుడు?"

 కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. మామయ్య స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. వంగి, చెప్పులు ఒక్కొక్కటే విప్పారు.

"ఈ ముక్క ఇన్నాళ్ళూ అనలేదేం అమ్మాయ్?" అన్నారు. "నెల్లాళ్ళు నాచేత పిచ్చిపిచ్చి పేర్లన్నీ చెప్పించావు. బుర్రలో ఇంక ఒక్క పేరు మిగల్లేదు."

"కాదంటారేమోనని."

"నువ్వు పొమ్మంటావేమోనని నేను."

అతని కళ్ళు ఎర్రబడ్డాయి. పెట్టె కింద పెట్టకుండానే, "నేనేమన్నా పరాయివాణ్ణా నాన్నా?" అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. దానికి నేనిప్పుడు చెయ్యగలిగిందేమీ లేదు. అయినా వినడానికి కష్టంగానే ఉంది.

"నువ్వు నా కొడుకువిరా, ఎక్కడున్నా. దానికేం ఢోకా లేదు. బిడ్డ పుట్టాక పొద్దస్తమానం వస్తా, విసుక్కునేదాకా వస్తా. కానీ నాకు పొద్దున లేచి పోట్లాడుకోడానికి ఒక మనిషి కావాలి. నీతో పోట్లాడితే నువ్వు నొచ్చుకుంటావు, ఆ అమ్మాయితో పోట్లాడితే ఆమె భయపడుతుంది. ఇదయితే నన్ను తిరిగి తిడుతుంది."

అతను పెట్టె కింద పెట్టాడు. మంచినీళ్ళు ఇచ్చాను, తాగాడు. ఆటోలో ఒక్కడే వెళ్ళాడు.

మామయ్య రేడియో వైరు విప్పి ప్లగ్గులో పెట్టారు. నాకు తలనొప్పిగా ఉందంటే దాని గొంతు తగ్గించారు. కొంచెమే తగ్గించారు.

జూలై 11

వానలు. తడిసిన కుక్క వాసన బట్టలకి వదలడం లేదు. రాయడానికి ఓపిక లేదు.

ఆగస్టు 3

జమీందారు ఈ రోజు వీధి చివరిదాకా నడిచాడు. లాయరుగారు నమ్మలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

సాయంత్రం బఠాణీని తీసుకుని బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. ఆడపిల్ల. మామయ్య అప్పటికే చొక్కా తిరగేసి తొడుక్కుని గుమ్మంలో ఉన్నారు. "కుక్కని దింపేసి రానివ్వండి" అంటే వినరు. చొక్కా మాత్రం సరిచేయించాను. ముగ్గురం కలిసే వెళ్ళాం, నడిచి. పెద్ద గేటు అపార్టుమెంట్లు దాటితే రెండు వీధుల్లోనే ఆసుపత్రి.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. కుక్క లోపలికి రాకూడదన్నాడు. మంచి మాట చెప్పాడనిపించింది. మామయ్యని లోపలికి పంపి నేను గోడ పక్క నిలబడ్డాను. బఠాణీ అక్కడున్న స్కూటర్లన్నిటినీ వాసన చూసింది. చాలాసేపైంది. ఏమీ అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను, అంతగా కుదరలేదు.

చీకటి పడే వేళకి మామయ్య మెట్ల మీద కనిపించారు. అతను చెయ్యి పట్టుకుని దింపుతున్నాడు. గడ్డం పెరిగింది, నిద్ర లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది. నన్ను చూసి ఆగిపోయాడు. ఇద్దరికీ మధ్య గేటు, గేటు దగ్గర వాచ్‌మన్.

వాచ్‌మన్‌కి తోచక పలకరించాడు. "ఆ పెద్దాయన మీకేమవుతారమ్మా?"

"మా మామయ్య. నేను ఆయన కోడల్ని."

"అయితే లోపల బాలింత మీ తోడికోడలన్నమాట!"

గేటు అవతల అతను విన్నాడు.  మామయ్య రావడానికి గేటు తెరిచి పట్టుకున్నాడు.

"అలాంటిదే అనుకోండి" అన్నాను.

"మరి లోపలికెళ్ళి పాపని చూడకుండా ఇక్కడ నిలబడ్డారేం?"

"కుక్క ఉంది కదండీ" అన్నాను.

మామయ్య నా పక్కకి వచ్చి, తాడు నా చేతిలోంచి తీసుకున్నారు. ఆయన చేతిలో అది వణుకుతుంటే బఠాణీ ఆడమన్నారనుకుని ఎగిరింది. పాప ఎలా ఉందని అడిగాను.

"ఎర్రగా ఉందమ్మా, మొహమంతా ముడతలు. నాకన్నా ముసలిదానిలా ఉంది" అన్నారు. కాస్త దూరం నడిచాక, "గట్టిగా ఏడుస్తోంది. మంచి గొంతు" అన్నారు.

నెమ్మదిగా నడిచాం. బఠాణీని దింపి ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ కాళ్ళు లాగేశాయి. అన్నం ఆయనే వడ్డించారు.